బంగారు నలుసు, బోరు నీళ్లు

జూన్ 11, నల్లగొండ

ఇవాళ ఎంఎస్సీ పిల్లలతో బంగారు కొల్లాయిడ్ చేయించాను. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, అందులో 0.25 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లం. లెక్క కడితే మొత్తం బంగారం 5 మిల్లీగ్రాములు. గాజు సామాను నిన్ననే ఆక్వారీజియాతో కడిగి ఆరబెట్టారు. గోడకు పాత మరక ఏదైనా మిగిలి ఉంటే బంగారం దాన్నే పట్టుకుని గడ్డకడుతుంది.

ఫ్లాస్కు తెర్లుతుండగా సోడియం సిట్రేట్ ఒక్కసారిగా పోశారు. లేత పసుపు పోయి నీళ్లకు రంగే లేకుండా అయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత బూడిద రంగు, ఆ వెంటనే నల్లటి నీలం, ఊదా. కొన్ని నిమిషాల్లో దానిమ్మ గింజ ఎరుపుకొచ్చి అక్కడ ఆగింది. పిల్లలు మాట్లాడటం మానేసి ఫ్లాస్కు చుట్టూ మూగారు.

ఈ పద్ధతిని టర్కెవిచ్ బృందం 1951లో ప్రకటించింది. సిట్రేట్ ఎక్కువ పోస్తే రేణువులు చిన్నవిగా, తక్కువ పోస్తే పెద్దవిగా వస్తాయని 1973లో ఫ్రెన్స్ చూపించాడు. మేం చేసినవి సుమారు 13 నానోమీటర్లవి. ఒక్కో రేణువులో దాదాపు 68 వేల బంగారు పరమాణువులు. ఆ 5 మిల్లీగ్రాముల నుంచి పుట్టిన రేణువులు 200 లక్షల కోట్లకు పైనే. ముక్కుపుడకకు కూడా చాలని బంగారంతో ఇన్ని రేణువులు తయారవుతాయి. పరీక్షలకు బంగారం ఖరీదు అడ్డమన్న మాట ఈ లెక్క ముందు నిలవదు.

జూన్ 12

నిన్నటి ప్రశ్న: "బంగారం పసుపు కదా సార్, ఇది ఎర్రగా ఎందుకుంది?"

బంగారంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లున్నాయి. రేణువు కాంతి తరంగం కన్నా ఎన్నో రెట్లు చిన్నదైనప్పుడు, వెలుగు తగలగానే అందులోని ఎలక్ట్రాన్లన్నీ ఒకే తాళంలో ఇటూ అటూ ఊగుతాయి. ఆ ఊపు 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ వెలుగులో, అన్నిటికన్నా బలంగా ఉంటుంది. ఆకుపచ్చను రేణువు మింగేస్తుంది. మిగిలి మన కంటికి చేరేది ఎరుపు. దీన్నే ప్లాస్మాన్ అనునాదం అంటారు.

రెండు రేణువులు తమ మందం కన్నా దగ్గరగా వస్తే ఒకదాని ఊపు రెండోదానికి తగులుతుంది. అనునాదం 600 నానోమీటర్లు దాటి జరుగుతుంది. ద్రవం నీలమో ఊదానో అవుతుంది. విడివిడిగా ఉంటే ఎరుపు, గుంపుగూడితే నీలం. కంటితో చదివే బంగారు పరీక్షలు ఎన్నో ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి.

మైకేల్ ఫారడే 1857లో లండన్‌లో ఇచ్చిన బేకరియన్ ఉపన్యాసంలో, ఈ ఎర్రని ద్రవంలో ఉన్నది అతి సూక్ష్మంగా చెదిరిన బంగారమేనని చెప్పాడు. రేణువులను చూపించే సూక్ష్మదర్శిని అప్పటికి లేదు. ఎందుకలా కనిపిస్తుందో గణితంతో తేల్చడానికి 1908 దాకా, గుస్టావ్ మీ దాకా ఆగాల్సి వచ్చింది. ఫారడే చేసిన సీసాల్లో కొన్ని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

జూన్ 20

మర్రిగూడ దిక్కు నుంచి వచ్చే పిల్లవాడు వాళ్ల పొలం బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చాడు. మొన్నటి ఎర్ర ద్రవంలో కొంచెం కలిపాడు. కళ్లముందే ఊదా అయింది, మరి కాసేపటికి నీలం తిరిగింది.

"ఫ్లోరైడేనా సార్?"

కాదు. మా నీళ్లు కఠిన జలం. కాల్షియం, మెగ్నీషియం, ఉప్పు అన్నీ ఎక్కువ. సిట్రేట్ పూత వల్ల రేణువుల మీద ఋణావేశం ఉంటుంది. అందుకే అవి ఒకదాన్నొకటి దూరం తోసుకుంటూ విడిగా నిలుస్తాయి. లవణాలు ఆ ఆవేశాన్ని కప్పేస్తే తోసుకునే బలం పోయి రేణువులు అతుక్కుంటాయి. ఆ సీసాలో ఫ్లోరైడ్ చుక్క లేకపోయినా ఇదే రంగు వచ్చేది.

వాడికి అదే చూపించాను. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వచ్చేలా కలిపి పోశాం. ఎరుపు చెదరలేదు. తర్వాత కాల్షియం క్లోరైడ్ వేశాం. నీలం.

డిస్టిల్డ్ వాటర్‌లో పనిచేసిందని రాసే ప్రతి పరీక్షా ముందు మా బోరు నీళ్లలో నిలబడాలి. రేణువు చుట్టూ గట్టి పూత వేయాలి. పాలీఇథిలీన్ గ్లైకాల్, ప్రోటీన్, డీఎన్ఏ పోగులు ఇలాంటివి. ఉప్పుకు చలించకుండా, తాను వెతికే పదార్థానికి మాత్రమే స్పందించాలి. సున్నితత్వం, అంటే కొంచెమే ఉన్నా పట్టుకునే గుణం, పెంచడమనే పని మొదలయ్యేది ఇక్కడి నుంచి.

జూన్ 23

ఫ్లోరైడ్ మాట వచ్చింది గనుక. ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన "హైదరాబాద్ దక్కన్, నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్" అనే వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వంగిన నడుములు, బిగుసుకున్న వెన్నులు, గార పట్టిన పళ్లు అప్పటికే వైద్య పత్రికకెక్కాయి. మా గ్రానైట్ రాయిలోని ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. వానలు తక్కువ, బోర్లు లోతు. నీళ్లు రాతిలో ఎన్నాళ్లు నిలిస్తే అంత పట్టుకుంటాయి.

నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు 1970లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్లతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి చెప్పారు. ప్రపంచమంతటా దాని పేరు నల్లగొండ టెక్నిక్. మా జిల్లా పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఒక జబ్బుతోను, ఒక మందుతోను కలిసి ఎక్కింది.

జులై 4

పిల్లలతో బోర్డు మీద వేసిన లెక్క ఇక్కడా రాసి పెట్టుకుంటున్నాను. ఇది నాకు చాలా విషయాలు తేల్చింది.

తాగునీటిలో ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మోలార్ లెక్కలో 79 మైక్రోమోలు.

యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. అంటే 126 నానోమోలు.

గర్భనిర్ధారణ పట్టీ పట్టుకోవాల్సిన హెచ్‌సీజీ హార్మోన్, మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్ల దగ్గర, లీటరుకు సుమారు 70 పికోమోలు.

మూడు మెట్లు. ఒక్కో మెట్టు దిగితే ఇంచుమించు వెయ్యి రెట్లు పలచబడుతుంది. ఫ్లోరైడ్ పై మెట్టు మీద ఉంది. దానికి జిర్కోనియం, రంగు కలిపిన పాత ద్రావణం చాలు. 1966లో ఫ్రాంట్, రాస్ కనిపెట్టిన లాంథనమ్ ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఇంకా నిక్కచ్చిగా కొలుస్తుంది. ఫ్లోరైడ్‌కూ బంగారు రేణువులతో చేసిన పద్ధతులు పత్రికల్లో ఉన్నాయి. నల్లగొండకు వాటి అవసరం లేదు. ఇక్కడ కొరవడింది సున్నితత్వం కాదు. పదే పదే కొలవడం, కొలిచాక మంచినీళ్లు ఇవ్వడం.

కింది రెండు మెట్ల మీద సంగతి వేరు. అక్కడ మామూలు రంగు కంటికి ఆనదు. 13 నానోమీటర్ల బంగారు రేణువు ఒక్కటి, మామూలు రంగు అణువు కన్నా వెయ్యి రెట్లకు పైగా వెలుగును మింగుతుంది. రేణువు పెద్దదైతే ఇంకా ఎక్కువ. బంగారం పని ఆ మెట్ల మీదే.

జులై 15, మహబూబ్‌నగర్

దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సు. దారి పొడుగునా పత్తి మొలకలు, అక్కడక్కడా కంది. పరిచయమున్న ఆశ కార్యకర్త దగ్గరికి పోయాను. వాకిట్లోనే ఒక కొత్త కోడలు కూర్చుని ఉంది.

"పొద్దుగాల మొదటి మూత్రమేనా చెల్లె?"

"అవునక్కా."

ఆశక్క డ్రాపర్‌తో చుక్కలు వేసింది. కిటికీలో ముందు గులాబీ రంగు నీడ పాకింది. తర్వాత అది పక్కకు జరిగి తెల్లగా అయింది. ఒక గీత తేలింది, దాని పక్కన సన్నగా రెండోది.

"సన్నగుంది గదక్కా, గీత కిందికి రాదా?"

"సన్నగున్నా గీతే. ఎల్లుండి దవాఖానకు పోదాం, పేరు రాయిద్దాం."

ఆ అమ్మాయి కొంగుతో నోరు మూసుకుని నవ్వింది.

వాళ్లు పోయాక ఆశక్క అడిగింది, "అంత ఎరుపు ఏడికెల్లొస్తది సార్?" గడువు దాటిన పట్టీ ఒకటి ఉంటే ప్లాస్టిక్ డబ్బా విప్పి చూపించాను. మొదట చుక్కలు పీల్చే మెత్త. దాని తర్వాతి చిన్న ముక్క లేత గులాబీ రంగులో ఉంటుంది. ఎండబెట్టిన బంగారు రేణువులు ఉండేది అక్కడే, ఒక్కోదానికి హెచ్‌సీజీని పట్టే యాంటీబాడీ అంటించి. ఆ తర్వాత నైట్రోసెల్యులోజ్ పొర. దాని మీద కంటికి కనిపించని రెండు గీతలు ముందే గీసి ఉంటాయి. మొదటి గీతలో హార్మోన్‌ను ఇంకో వైపు నుంచి పట్టే యాంటీబాడీ. హార్మోన్ ఉంటే అది బంగారాన్ని వెంటపెట్టుకుని వచ్చి అక్కడ చిక్కుకుంటుంది. లెక్కలేనన్ని రేణువులు ఒకే గీతలో పోగైతే కంటికి ఎరుపు. రెండో గీత పట్టీ పనిచేసిందని చెప్పడానికి. చివర మిగిలిన తడిని పీల్చే దళసరి అట్ట.

"బంగారమా!" అని ఆమె పట్టీని వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తన రిజిస్టరు తీసి ఆ ఆడపిల్ల వివరాలు రాసుకుంది.

ఈ మొత్తానికి కరెంటు అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు, చదవడానికి నిపుణుడు అక్కర్లేదు. ఇదీ ఆప్టికల్ బయోసెన్సరే, అంటే జీవ పదార్థాన్ని వెలుగుతో, రంగుతో కనిపెట్టే సాధనమే. ప్రపంచమంతటా ఎంతోమంది ఇలాంటి పట్టీలను వాడుతున్నారు. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకుని ఇంట్లో చూసుకున్న ర్యాపిడ్ కిట్లలోనూ చాలావాటిలో ఎర్ర గీత బంగారమే.

జులై 28, నల్లగొండ

వానలు పడ్డాయి. డెంగీ జ్వరాలు మొదలయ్యాయి. బస్టాండు దగ్గరి ల్యాబుల ముందు జనం. చాలా చోట్ల చేసేది ర్యాపిడ్ పట్టీయే. అందులో ఒక గీత ఎన్ఎస్1 అనే వైరస్ ప్రోటీన్‌ది. అది జ్వరం మొదలైన తొలి రోజుల్లో ఎక్కువగా ఉంటుంది. తర్వాత తగ్గుతుంది, అప్పుడు వెతకాల్సింది యాంటీబాడీలను. జాతీయ కార్యక్రమం నిర్ధారణకు ఎలీసా పరీక్షనే అడుగుతుంది. పట్టీ నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ లేదనుకోవద్దని డాక్టర్లు అందుకే చెప్తారు.

ఇక్కడ పట్టీ తప్పిపోయే కారణం బంగారం ఎర్రగా లేకపోవడం కాదు. గీత దగ్గర తగినంత బంగారం పోగవ్వకపోవడం. సున్నితత్వం పెంచాలంటే మూడు దారులు: రేణువు పెద్దది చేయడం, రేణువును వెలిగించడం, చిక్కిన రేణువు మీద ఇంకేదైనా పెంచడం. పట్టీలకు సాధారణంగా 40 నానోమీటర్ల దాన్ని వాడేది మొదటి దారిలో భాగమే. మరీ పెద్దదైతే పొర రంధ్రాల్లో నెమ్మదిస్తుంది, ద్రవంలో కూడా నిలకడగా ఉండదు.

ఆగస్టు 6

ప్రయోగశాలల్లో వాడే పెద్ద యంత్రాల సంగతి. గాజు పట్టకం మీద 50 నానోమీటర్ల మందం బంగారు పొర. కింద నుంచి ఒక నిర్దిష్ట కోణంలో వెలుగు వేస్తే పొరలోని ఎలక్ట్రాన్లు దాన్ని మింగుతాయి. తిరిగి వచ్చే వెలుగు అక్కడ పడిపోతుంది. పొర మీద ఏదైనా అణువు వచ్చి అతికితే ఆ కోణం కాస్త జరుగుతుంది. ఆ జరుగుడును కొలిచి, ఎంత అతికిందో చెప్తారు. 1983లో స్వీడన్‌లో లీడ్‌బెర్గ్, నీలాండర్, లుండ్‌స్ట్రోమ్ దీన్ని జీవ పదార్థాలను కనిపెట్టడానికి వాడారు. 1990లో ఈ పద్ధతితో పనిచేసే బియాకోర్ యంత్రం బజారులోకి వచ్చింది.

చిన్న అణువు అతికితే కోణం కదిలీ కదలనట్టు ఉంటుంది. అందుకని దాని తోకకు ఒక బంగారు రేణువు కట్టి పంపుతారు. రేణువు బరువైనది, దాని వక్రీభవన గుణకం నీటికి చాలా భిన్నం, పైగా రేణువులోని ఎలక్ట్రాన్ల ఊపు, కింది పొరలోని ఊపుతో జత కలుస్తుంది. 2000 సంవత్సరంలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ బృందం డీఎన్ఏ పోగులతో చేసి చూపింది: కోణం పది రెట్లకు మించి జరిగింది, సున్నితత్వం వెయ్యి రెట్లకు మించి పెరిగింది. ఈ రంగంలో పనిచేసేవాళ్లు చదవాల్సిన వ్యాసమిది.

అయితే పొర దగ్గర ఈ ఊపు ప్రభావం దాదాపు 200 నానోమీటర్ల దూరం దాకానే పాకుతుంది. ఒంటరి రేణువు చుట్టూ అయితే పది, ముప్పై నానోమీటర్లే. రేణువును ఎంత దగ్గరగా కట్టగలమన్న దాని మీద ఫలితం ఆధారపడి ఉంటుంది. పొడవాటి దారంతో కట్టి రేణువు పనిచేయలేదనడం సరికాదు.

ఆగస్టు 18

పెద్దవూర దిక్కు లంబాపూర్, పెద్దగట్టు. నాగార్జునసాగర్ ఒడ్డున ఉన్న ఆ గుట్టల్లో యురేనియం ఉంది. 2003లో గనుల కోసం బహిరంగ విచారణ పెట్టినప్పుడు జనం గట్టిగా అడ్డుపడ్డారు. గని తవ్వినా తవ్వకపోయినా, గ్రానైట్ నేలల్లోని లోతు బోర్లలో సహజంగానే యురేనియం కరిగి ఉండే అవకాశం ఉంది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు.

ఇది రెండో మెట్టు మీది ప్రశ్న. ఇల్లినాయ్ యూనివర్సిటీలో యీ లు బృందం 2008లో దీనికి బంగారంతో జవాబు రాసింది. రేణువులను డీఎన్ఏ పోగులతో కట్టి గుంపుగా ఉంచారు, ద్రవం నీలం-ఊదా. ఆ కట్టులో ఒక డీఎన్ఏ ఎంజైము. యురేనియం అయాను తగిలితేనే అది పనిలోకి దిగి పోగును తెంపుతుంది. గుంపు విడిపోతుంది, నీలం ఎరుపవుతుంది. యురేనియాన్ని నానోమోలార్ స్థాయిలో పట్టుకోగలిగింది.

చదివి సంతోషపడ్డాను. వెంటనే మా నీళ్లు గుర్తొచ్చాయి. ఇక్కడి బోరు నీళ్లలో బైకార్బొనేట్ మెండు. యురేనియం దానితో గట్టిగా జతకట్టి ఉంటుంది, ఎంజైముకు దొరకదు. ముందు ఆమ్లం వేసి పీహెచ్ దించి విడిపించాలి. ఊళ్లో చేసే పరీక్ష అయితే ఆ ఆమ్లం కొలత కూడా కిట్‌లోనే ఉండాలి. పై నుంచి తెచ్చుకున్న పద్ధతిని ఇక్కడి నీళ్లకు సరిదిద్దడం మా యూనివర్సిటీలు చేయాల్సిన పని. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. ఈ నీళ్లు తాగి పెరిగిన పిల్లలే అక్కడ కెమిస్ట్రీ చదువుతున్నారు.

ఆగస్టు 30

పత్తికి మందు కొట్టే రోజులు. రోడ్డు వారగా పోతుంటేనే ముక్కుపుటాలు మండుతున్నాయి. వీపున ట్యాంకు, కాళ్లకు చెప్పులు లేవు, మూతికి తువ్వాల.

ఐఐటీ మద్రాసులో టి. ప్రదీప్ బృందం 2003లోనే బంగారు రేణువులతో ఎండోసల్ఫాన్ పట్టుకోవచ్చని చూపింది. ఎండోసల్ఫాన్ అతుక్కుంటే రేణువులు గుంపుగూడి రంగు మారుతుంది. ఆ మందును 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఇప్పుడు కొట్టేవి వేరే మందులు. ఒక్కోదానికి ఒక్కో పట్టు పదార్థం తయారు చేసుకోవాలి. ఎంత చేసినా, రైతు ఒంట్లోకి పోయాక పట్టుకోవడం కన్నా పోకుండా చూడటం ముందు. పరీక్ష రెండోది, చేతి తొడుగులు మొదటివి.

సెప్టెంబర్ 14, మహబూబ్‌నగర్

పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. డ్యాములు కట్టినవాళ్లు, రోడ్లు వేసినవాళ్లు, ముంబయి, పుణె సైట్లలో రేకుల షెడ్లలో పండినవాళ్లు. ఇరుకు గదులు, సిమెంటు దుమ్ము, అరకొర తిండి. దగ్గు వెంటపెట్టుకుని ఇంటికొచ్చేవాళ్లను ఈ జిల్లా తరతరాలుగా చూస్తోంది.

టీబీకి కళ్లె పరీక్ష ఉంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో కొందరికి కళ్లె రాదు. వాళ్ల కోసం మూత్రంలో లైపోఅరాబినోమన్నాన్ అనే టీబీ సూక్ష్మజీవి పదార్థాన్ని వెతికే పట్టీ వచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది. ఇబ్బంది ఏమిటంటే చాలామంది రోగుల్లో ఆ పదార్థం పట్టీకి అందనంత తక్కువ.

జపాన్‌లో ఫ్యూజీ కంపెనీ ఫొటో ఫిల్ము విద్యను ఇక్కడికి తెచ్చింది. గీత దగ్గర చిక్కిన బంగారు రేణువు మీద వెండి పెరిగేలా చేశారు. నానోమీటర్ల రేణువు మైక్రోమీటర్లకు పెరుగుతుంది. కనిపించని గీత నల్లగా తేలుతుంది. దక్షిణాఫ్రికాలో ఆసుపత్రుల్లో చేరిన హెచ్ఐవీ రోగుల మీద చేసిన అధ్యయనం 2019లో లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్‌లో వచ్చింది. పాత పట్టీ 100 మంది టీబీ రోగుల్లో 42 మందిని పట్టుకుంటే, కొత్తది 70 మందిని పట్టుకుంది. ఆ తేడాలో ఉన్న 28 మందీ, కొత్త పట్టీ ఉంటే మందు మొదలుపెట్టే వీలు దొరికేవాళ్లు. బంగారం మీద వెండి పెరగడమంటే ఇక్కడ అర్థం అదీ.

అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది, అది కూడా చదవాలి. టీబీ లేనివాళ్లను లేదని సరిగ్గా చెప్పింది పాతది 95 శాతం, కొత్తది 91 శాతం. వెయ్యి మందిని పరీక్షిస్తే, వాళ్లలో నిజంగా 10 మందికే టీబీ ఉందనుకుందాం. ఇవే శాతాలతో కొత్త పట్టీ ఏడుగురిని పట్టుకుంటుంది, జబ్బు లేని 89 మందికి ఉందని చెప్తుంది. కాబట్టి ఎవరికి పరీక్ష చేయాలో ఎంచుకోవడం కూడా సున్నితత్వమంత ముఖ్యం. తర్వాత ఆ కిట్లలో తయారీ లాటుకూ లాటుకూ ఫలితం మారుతోందని కూడా బయటపడింది. ఒకసారి ల్యాబులో వచ్చిన గొప్ప అంకె, లక్షో పట్టీలోనూ వస్తేనే అది పరీక్ష.

సెప్టెంబర్ 29

మనవాళ్ల పని కొంత. హైదరాబాద్ యూనివర్సిటీలో ఎస్. వేణుగోపాలరావు బృందం ద్రవంలో ముంచిన బంగారం, వెండి రేకుల మీద లేజర్ వేసి నానో రేణువులు తీస్తుంది. వాటిని వడపోత కాగితం లాంటి చవక ఆధారాల మీద పరిచి, ఒక్కో పదార్థం తనదైన తీరులో చెదరగొట్టే రామన్ వెలుగుతో పేలుడు పదార్థాల, రంగుల జాడలు పడుతోంది. పుట్టపర్తిలో సాయి సతీశ్ రామమూర్తి బృందం లోహపు పలుచని పొర మీద రేణువులు పరిచి, ఫ్లోరెసెన్స్ వెలుగును ఒక దిక్కుకు మళ్లించి పెంచుతోంది. దాన్ని సెల్‌ఫోన్ కెమెరాతో చదివే మార్గాలూ చూపింది.

రెండు పనుల్లోనూ నాకు నచ్చింది ఒకటే: కాగితం, ఫోన్. మా పిల్లల చేతిలో ఉండేవి అవే.

అక్టోబర్ 5

మందుల షాపులో కిట్ డబ్బా తిప్పి చూశాను: 2 నుంచి 30 డిగ్రీల మధ్య భద్రపరచాలి. నల్లగొండలో మే నెల ఎండ 45 డిగ్రీలకు పోతుంది. రేకుల కప్పు కింద ఇంకా ఎక్కువ. ఆ వేడికి బంగారానికి ఏమీ కాదు. దానికి అంటించిన యాంటీబాడీ దెబ్బతింటుంది. ఎండాకాలం గడిచిన పట్టీ ఎర్రని కంట్రోల్ గీత చూపిస్తూనే అసలు గీతను బలహీనంగా చూపించవచ్చు. కిట్లు నిల్వ చేసే గదికి ఒక థర్మామీటరు కావాలి. ల్యాబులో వెయ్యి రెట్లు పెంచిన సున్నితత్వం సంచిలోనే పోతే ఎవరికీ లాభం లేదు.

అక్టోబర్ 9

సాయంత్రం బతుకమ్మ. చెరువు కట్ట మీద ఆడపిల్లల్లో ల్యాబు పిల్లలూ ఉన్నారు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్ వాడటం నేర్పాలన్నది నియమం. "మా అమ్మ నేర్చుకుంది సార్, కానీ ఫలితం ఎవలకు చెప్పాల్నో చెప్పలేదంట" అంది ఒకమ్మాయి. ఆ మాట రాత్రి దాకా నాతోనే ఉంది.

అక్టోబర్ 13, నల్లగొండ

ఇన్నాళ్లుగా రాసుకున్నదాని నుంచి నాకు తేలింది చెప్తాను. బంగారు రేణువు కంటికి ఆనని దాన్ని కంటికి తెస్తుంది. ఆ శక్తి నిజం, దాన్ని ఇంకా పెంచాలి, మన నీళ్లకు, మన ఎండకు సరిపడేలా పెంచాలి. కానీ ఏ మెట్టు మీది ప్రశ్నో ముందు తెలుసుకోవాలి. ఫ్లోరైడ్‌కు కావలసింది కొత్త సెన్సర్ కాదు, వదలకుండా కొలిచే అలవాటు. యురేనియానికి, టీబీకి, డెంగీకి సున్నితమైన పరీక్ష కావాలి, దాని వెనకే వైద్యం కావాలి. ఎర్ర గీత తేలిన తర్వాత ఆశక్క రిజిస్టరు తెరిచింది చూడండి, పరీక్ష పూర్తయ్యేది అక్కడే.

ఇది చదివే నల్లగొండ, పాలమూరు వాళ్లకు ఒక మాట. ఇంట్లో వాడే పట్టీని డబ్బా మీద రాసిన నిమిషాల్లోనే చదవండి. గంట తర్వాత తేలిన గీతను నమ్మకండి. జ్వరం తగ్గకపోతే నెగెటివ్ పట్టీ చూసి ఇంట్లో కూర్చోకండి. మీరు తాగేది బోరు నీళ్లయితే ఏడాదికి రెండుసార్లు, వానకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్ష చేయించండి. "బాగున్నాయి" అన్న మాటతో సరిపెట్టుకోకుండా అంకె అడగండి. ఆ అంకె, పరీక్ష తేదీ ఊళ్లో అందరూ చూసేలా పంచాయతీ గోడ మీద రాయించండి.